సముద్రం ల్యాని ఊర్లో చేపల షెడ్డు: ఎవరి జబ్బుకు ఎవరి మందు?

పోయిన వారం మా చిన్నాయన కొడుకు ఫోను పట్టుకొని ఇంటికొచ్చినాడు. వీడియో ఒకటి చూపించినాడు. రేకుల షెడ్డు, లోపల వరసగా నీలం తొట్లు, తొట్లల్లో గిర్రున తిరిగే నీళ్ళు, కుప్పలుగా ఎగిరే చేపలు. ఒకాయన మైకు పెట్టుకొని చెప్తాండాడు: చెరువు అక్కర్లేదు, సముద్రం అక్కర్లేదు, వాడిన నీళ్ళే మళ్ళా మళ్ళా వాడొచ్చు, సర్కారు సబ్సిడీ ఉండాది, నెలకు లక్షలు.

"అన్నా, మన మాదిరి నీళ్ళు ల్యాని ఊర్లకోసమే పుట్టినట్టుండాది ఇది" అన్నాడు వాడు.

వానిది గార్లదిన్నె మండలమే. మూడు బోర్లల్లో రెండు ఎండిపోయినాయి. మిగిలిన ఒక బోరు మీద చీనీ చెట్లు ప్రాణం నిలబెట్టుకోని ఉండాయి. శెనక్కాయ ఏసి ఏసి ఇసుగొచ్చింది. అట్లాంటోనికి ఆ వీడియో చూస్తే ఆశ పుట్టడంలో తప్పేమీ లేదు. నాకూ పుట్టింది. అందుకే నాలుగు రోజులు కూర్చోని లెక్క ఏసినా. ఆ లెక్క మీ ముందర పెడతాండా. ఇట్లాంటి వీడియోలు మీ ఫోన్లకు కూడా వస్తానే ఉంటాయి గదా.

మొదట ఒక మాట. ఈ మిషన్ నీళ్ళు ల్యాని ఊరికోసం పుట్టలేదు. ఇజ్రాయిల్ మాదిరి కొన్ని చోట్ల నీళ్ళ కొరతతోనే వాడినారు, కాదనను. కాని ఇప్పుడు లోకమంతా దీని గురించి ఇంత మాట్లాడుకోడానికి కారణం వేరే. నీళ్ళు మస్తుగా ఉండే చోట, సముద్రంలోనే వచ్చిన ఒక తగాదా అది.

నార్వే, చిలీ, స్కాట్లాండ్, కెనడా పడమటి తీరంలో సాల్మన్ చేపను సముద్రంలో వల పంజరాల్లో పెంచుతారు. గుండ్రటి చట్రం, దానికింద పెద్ద వల, లోపల లక్షల చేపలు. మేత పైనుంచి చల్లుతారు. పెంట కిందికి పోతాది, అలలు ఈడ్చుకపోతాయి. ఖర్చు తక్కువ, ఎందుకంటే కసువు ఊడ్చే పని సముద్రం ఊరికే చేస్తాది. గొర్రెల మందను రోడ్డు మీద కట్టేసినట్టు అనుకోండి. మేత మనది, పెంట ఊరిది.

తంటా యాడొచ్చిందంటే, అంత మందిని ఒకేచోట కుక్కితే సముద్రపు పేన్లు పడతాయి. ఆ పేన్లు పంజరంలోనే ఉండవు. వల సందుల్లోంచి బయటికొచ్చి, అదే దోవలో నదుల నుంచి సముద్రానికి పోయే అడవి సాల్మన్ పిల్లలకు పట్టుకుంటాయి. వేలంత పిల్లకు నాలుగు పేన్లు పడితే అది బతికేది కష్టం. ఇంగ వల తెగితే లోపలి చేపలన్నీ బయటే. 2017 ఆగస్టులో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో సైప్రెస్ దీవి దగ్గర ఒక పంజరాల తోట కూలిపోయి, ఆ సముద్రానికి సంబంధం ల్యాని అట్లాంటిక్ సాల్మన్ చేపలు రెండు లక్షలకు పైగా తప్పిచ్చుకున్నాయి. మరుసటి ఏడే ఆ రాష్ట్రం పరాయి జాతి చేపల పంజరాలు ఉండకూడదని చట్టం చేసింది. కెనడా సర్కారు 2024 జూన్‌లో, బ్రిటిష్ కొలంబియా తీరంలో సాల్మన్ వల పంజరాలన్నీ 2029 జూన్ 30 లోపల మూతపడాలని చెప్పింది.

ఈ కొట్లాటలో ముందర నిలబడినోళ్ళు ఎవరనుకున్నారు? అక్కడి ఆదివాసీ జనం, చిన్న చిన్న మత్స్యకారులు. నదిలోకి తిరిగొచ్చే చేప మీదనే వాళ్ళ తిండి, వాళ్ళ పండగ, వాళ్ళ బతుకు. వాంకూవర్ దీవి మీద నంగీస్ అనే ఆదివాసీ జాతి వాళ్ళు ఉత్త నినాదాలతో ఊరుకోలేదు. "నేల మీద పెంచొచ్చని మేమే చూపిస్తాం" అని కుటెర్రా పేరుతో గట్టు మీద మూసిన తొట్ల ఫారం పెట్టినారు. 2013లో చేపలు వదిలి, 2014లో బజారుకు పంపినారు. చేప పెరిగింది, రుచి బాగుండాది, సముద్రానికి ఒక్క పేను పోలేదు. కాని దుడ్ల లెక్క సరిగ్గా కుదరలేదు. కొన్నేండ్లకు ఆ షెడ్డు నడిపే పని వేరే కంపెనీ చేతికి పోయింది. ఇంకా పెద్దగా, అమెరికాలోని ఫ్లోరిడాలో అట్లాంటిక్ సఫైర్ అనే కంపెనీ వేల టన్నుల లెక్కలో కట్టింది. 2021 మార్చిలో ఒక్క దెబ్బకు 500 టన్నుల చేప చచ్చిపోయింది. అదే ఏడు సెప్టెంబరులో డెన్మార్క్‌లో ఉండే వాళ్ళ పాత ఫారం నిప్పంటుకొని కాలిపోయింది.

అంటే కోట్లు, ఇంజనీర్లు, ఇరవైనాలుగ్గంటలు కరెంటు, అన్నీ ఉండేవాళ్ళే తడబడినారు. ఇది గుర్తు పెట్టుకోని గార్లదిన్నెకు వద్దాం.

మన తీరంలో ఆ తగాదా ఇంకా అంత లేదు. విశాఖపట్నం దగ్గర సముద్రంలో పండుగప్ప చేపను పంజరంలో పెంచే ప్రయోగం కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ళు 2007లో చేసినారు. దేశంలోనే అది మొదటిది. ఆ తర్వాత తీరం పొడుగునా అక్కడక్కడ పెట్టినారు గాని, బంగాళాఖాతం తుపాన్లకు నిలబడడమే పెద్ద పని. ఆంధ్రాలో చేపల గొడవ సముద్రంలో కాదు, గట్టు మీదే నడిచింది. రొయ్యల గుంటలతో ఊరి నీళ్ళు, మాగాణి భూములు ఉప్పెక్కినాయని కేసు పడితే, 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు గట్టి తీర్పే ఇచ్చింది. కొల్లేరు సరస్సులో చేపల చెరువుల గట్లు 2006లో సర్కారే పగలగొట్టింది. అంటే నేల మీదికి తెచ్చినంత మాత్రాన చేపల సాగు శుభ్రమైపోదు. కసువు యాడికి పోతాదనేదే అసలు ప్రశ్న.

దానికి జవాబే ఈ మూసిన పద్ధతి. దీన్ని ఆర్‌ఏఎస్ అంటారు. తొట్టిలోంచి నీళ్ళు బయటికొస్తాయి. మొదట డ్రమ్ ఫిల్టర్‌లో పెంట, మిగిలిన మేత వడగడతారు. తర్వాత బయోఫిల్టర్. అందులో ప్లాస్టిక్ ముక్కల మీద సూక్ష్మజీవులు బతుకుతాంటాయి. చేప విడిచే అమ్మోనియాను అవి తిని మొదట నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటు కొంత ఎక్కువున్నా చేప ఓర్చుకుంటాది, అమ్మోనియా అయితే చచ్చిపోతాది. ఆ తర్వాత బొగ్గుపులుసు వాయువు పోగొట్టి, ఆక్సిజన్ ఎక్కించి, మళ్ళా తొట్టిలోకి. ఇంతే కథ. చెరువులో ఎండ, గాలి, నాచు ఊరికే చేసే పని ఈడ మిషన్లు, కరెంటు చేస్తాయి.

ఇప్పుడు మనోని వీడియోలో ఉండే షెడ్డు. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన 2020లో వచ్చింది. అందులో పెద్ద ఆర్‌ఏఎస్ యూనిట్ అంటే ఎనిమిది తొట్లు, ఒక్కోటి 90 ఘనపు మీటర్లు, ఒక కాపుకు 40 టన్నులు, ఖర్చు 50 లక్షలు అని లెక్క కట్టినారు. మధ్యరకం 25 లక్షలు, చిన్నది ఒకే తొట్టి ఏడున్నర లక్షలు, పెరట్లో పెట్టుకునేది 50 వేలు. రాయితీ మామూలు వాళ్ళకు 40 శాతం, ఎస్సీ ఎస్టీలకు, ఆడోళ్ళకు 60 శాతం.

నీళ్ళ లెక్క చూద్దాం. ఎనిమిది తొట్లు నిండాలంటే 7 లక్షల 20 వేల లీటర్లు. ఇది ఒక్కసారి. వీడియోలో చెప్పిన "95 శాతం ఆదా" అబద్ధమేమీ కాదు. కాని మిగిలిన ఐదు శాతం సంగతి ఆయన చెప్పలేదు. ఫిల్టర్ కడిగేదానికి, నైట్రేటు పేరుకోకుండా, ఆవిరైపోయినదానికి, రోజూ కొత్త నీళ్ళు పొయ్యాల. రోజుకు ఐదు శాతమంటే 36 వేల లీటర్లు. మన ఊర్లల్లో తిరిగే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లతో కొలిస్తే రోజుకు ఏడు ట్యాంకర్లు. ఎండాకాలంలో కూడా. పండగ రోజు కూడా. ఒక బోరు మీద చీనీ చెట్లు పెట్టుకున్నోడు ఆ ఏడు ట్యాంకర్లు యాడనుంచి తెస్తాడు?

అయినా ఒక మాట న్యాయంగా చెప్పాల. అదే 40 టన్నుల చేప చెరువులో తియ్యాలంటే, ఎకరాకు నాలుగు టన్నుల లెక్కన పదెకరాల చెరువు కావాల. నిలువు ఐదడుగులైనా అది ఆరు కోట్ల లీటర్లు. దాని ముందర షెడ్డు నీళ్ళు చిటికెడే. కిలో చేపకు పట్టే నీళ్ళు నిజంగానే శానా తక్కువ. కాని చెరువు నింపేది వాన, కాలువ. షెడ్డు నింపేది బోరు. పదెకరాల చెరువు మన మండలంలో ఎవడూ కొత్తగా తవ్వబోవడం లేదు గదా. కాబట్టి పోలిక చెరువుతో కాదు, చీనీ తోటతో పెట్టాల. అట్లా పెడితే "ఆదా" అనే మాటే ఉండదు, కొత్త వాడకమే.

ఇంగ కరెంటు. నా మటుకు నాకు అసలు మెలిక ఈడనే ఉండాది.

వెయ్యి లీటర్ల నీళ్ళలో 55 కిలోల చేప ఉంటాది ఆ తొట్లల్లో. చెరువులో అయితే అదే వెయ్యి లీటర్లకు కిలో కూడా ఉండదు. 30 డిగ్రీల వేడిలో వెయ్యి లీటర్ల నీళ్ళు పట్టుకోగలిగే ఆక్సిజన్ ఏడున్నర గ్రాములు. 55 కిలోల చేప గంటకు పది గ్రాములకు పైనే పీలుస్తాది. అంటే మోటారు ఆగిన అరగంటకు ఊపిరాడదు. గంటకు పైకి తేలతాయి. ఇది పంట ఎండిపోయినట్టు వారం పది రోజులు చూస్తా ఏడ్చేది కాదు. నువ్వు టౌనుకు పోయి వచ్చే లోపల 40 టన్నులు పోతాయి.

మన పొలాలకు వచ్చే ఉచిత కరెంటు పగటిపూట తొమ్మిది గంటలు. చేపకు కావాల్సింది ఇరవైనాలుగ్గంటలు త్రీఫేజు. మే నెలలో సాయంత్రం గాలిదుమారం లేస్తే లైను ఎప్పుడొస్తాదో లైన్‌మన్ కూడా చెప్పలేడు. కాబట్టి జనరేటరు తప్పదు. అది స్టార్టు కాకపోతే ఇంకో జనరేటరు, ఆక్సిజన్ సిలిండర్లు, రాత్రి షెడ్డులోనే పండుకునే మనిషి. యూనిట్ ధర కాగితంలో ఇవన్నీ సరిపోయేంత ఉండాయో లేదో కొటేషన్ తెచ్చుకున్నప్పుడు చూడండి.

బిల్లు ఎంతొస్తాది? కిలో చేపకు నాలుగు యూనిట్లు అనుకుందాం. బాగా కట్టిన షెడ్డుకు అది అన్యాయమైన అంచనా కాదు. 40 టన్నులకు లక్షా 60 వేల యూనిట్లు. కోస్తాలో ఆక్వా జోన్ రైతుకు యూనిట్ రూపాయిన్నర రాయితీ ధర ఉండాది. ఆ ధరకైతే కిలోకు ఆరు రూపాయలు. రాయితీ లేని ఆక్వా ధర 3 రూపాయల 85 పైసలకైతే పదిహేను రూపాయల పైన. కమర్షియల్ మీటరు పెట్టి ఏడు రూపాయలు గుంజితే 28 రూపాయలు. అదే చేప, అదే షెడ్డు. మీటరు మీద రాసిన కేటగిరీతోనే లాభమా నష్టమా తేలిపోతాది. మేత కిలో 45 అనుకుని, కిలో చేపకు కిలో నాలుగొందల గ్రాములు పట్టిందనుకుంటే 63 రూపాయలు. కరెంటుతో కలిపి 78. ఇంకా పిల్లలు, కూలీ, వడ్డీ, డీజిలు, రిపేర్లు కలపనేలేదు. తిలాపియా చేపకో, పంగాసియస్‌కో హోల్‌సేల్‌లో ఎంతిస్తారో అనంతపురం మార్కెట్టులో పొద్దున్నే పోయి కనుక్కోండి. కొల్లేరు నుంచి ఐసులో వచ్చే చేపతో నువ్వు పోటీ పడాల. ఆయనకు ఆక్సిజన్ గాలి ఇస్తాది, నీకు కరెంటోళ్ళు ఇస్తారు.

అందుకే ఈ షెడ్లు నిలబడే చోటు వేరే. హైదరాబాదు పక్కన రంగారెడ్డి జిల్లా కందుకూరు మండలంలో ట్రౌట్ చేపను ఇట్లా మూసిన పద్ధతిలో పెంచే పెద్ద ఫారం వచ్చింది. ట్రౌట్ హిమాచల్, కాశ్మీర్ చల్లనీళ్ళ చేప. ధర ఎక్కువ, కొనే హోటళ్ళు పక్కనే ఉండాయి. నీళ్ళు చల్లబరిచే ఖర్చు కూడా ఆ ధర మోయగలదు. వంద రూపాయల చేప మొయ్యలేదు.

ఇంకో సంగతి. అమ్మోనియా విషం ఎంతనేది రెండింటి మీద ఉంటాది: నీళ్ళ వేడి, నీళ్ళ కారం. రెండూ పెరిగే కొద్దీ అదే అమ్మోనియా ఎక్కువ విషమైతాది. 40 టన్నుల చేపకు రోజుకు 400 కిలోల మేత ఏస్తే, దగ్గర దగ్గర 12 కిలోల అమ్మోనియా పుడతాది. మన బోరునీళ్ళు సవుడు నీళ్ళు, పైన రేకులు, బయట 42 డిగ్రీలు. బయోఫిల్టర్ ఒక్కపూట మొరాయిస్తే చాలు. అట్లని మన నీళ్ళు అన్నిట్లోనూ చెడ్డవి కావు. సూక్ష్మజీవులు అమ్మోనియాను తినేటప్పుడు నీళ్ళల్లోని కారాన్ని కూడా తింటాయి. మెత్తని నీళ్ళు ఉండేచోట సోడా కొని కలపాల. మనకు ఆ ఖర్చు తక్కువ. అనంతపురం సవుడు నీళ్ళు ఒకదానికన్నా పనికొచ్చినందుకు సంతోషమే.

ఈ లెక్కలు చదివి "ఈయప్ప ఏం చేసినా వద్దంటాడే" అనుకోవద్దండి. మా దగ్గర ఒకాయన నాలుగేండ్ల కిందట బయోఫ్లాక్ తొట్లు పెట్టినాడు. వీడియో చూసి, టౌనులో రెండు రోజుల ట్రైనింగుకు దుడ్లు కట్టి, టార్పాలిన్ తొట్లు కొనుక్కొచ్చి. ట్రైనింగు ఇచ్చినోడే తొట్లమ్మినాడు, తొట్లమ్మినోడే పిల్లలమ్మినాడు. "చేపలు మేమే కొంటాం" అన్న మాట మాత్రం కాగితం మీద లేదు. రెండో నెలలో ఒక రాత్రి కరెంటు పోయింది. ఇప్పుడా తొట్లల్లో శెనగపొట్టు పోసుకున్నాడు. అప్పు మాత్రం ఇంకా ఉండాది. రాయితీ అనేది పని చేసినంక దశల వారీగా వచ్చేది. ముందర నీ చేతి దుడ్లో, బ్యాంకు అప్పో పెట్టాల్సిందే. 50 లక్షల యూనిట్‌కు 40 శాతం పోయినా 30 లక్షలు నీవే. మన మండలంలో 30 లక్షలు పెట్టగలిగేది ఎవరు? అప్పుడు సర్కారు 20 లక్షలు పోయేది ఎవరి ఇంటికి?

ఈడ నాకు పెనకచర్ల డ్యాం గుర్తొస్తాది. మన మండలంలోనే మిడ్ పెన్నార్ ఉండాది. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్ళు వచ్చి అందులో పడతాయి. పుట్టిలో పోయి వల ఏసుకొని బతికేవాళ్ళు ఉండారు. వాళ్ళకు ఏ షెడ్డూ అక్కర్లేదు. కావాల్సింది నీళ్ళొచ్చిన టయానికి, తగినంత సైజు పిల్లలు. చిన్న పిల్లలను వదిలితే పెద్ద చేపలు మింగేస్తాయి. 80 నుంచి 100 మిల్లీమీటర్లు, అంటే వేలెడు పెరిగిన పిల్ల అయితే నిలబడతాది. కాలువ నీళ్ళు మనం చెప్పిన తేదీకి రావు. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు కొట్టుకపోయినప్పుడు చూసినాం గదా, ఏడాది లెక్కంతా ఒక్క రాత్రిలో తారుమారైతాది.

మూసిన తొట్టికి మన దగ్గర నిజమైన పని ఇదేనని నాకనిపిస్తాది. చేపను కిలో దాకా పెంచడం కాదు. సన్న పిల్లను తెచ్చి, రెండు నెలలు చిన్న తొట్లల్లో సాకి, వేలెడు చేసి, డ్యాంలో, చెరువుల్లో నీళ్ళు పడినప్పుడు అమ్మడం. పిల్లల బరువు తక్కువ కాబట్టి నీళ్ళూ కరెంటూ తక్కువే. ఏడాదంతా నడపబల్లేదు. నీళ్ళు ఆలస్యమైతే పిల్లలను ఇంకో పదిహేను రోజులు ఆపుకోవచ్చు. కోస్తా నుంచి లారీలో తెచ్చేటప్పుడు చచ్చేవి మిగులుతాయి. ఏడున్నర లక్షల చిన్న యూనిట్ ఒక ఆడోళ్ళ సంఘం పేరుతోనో, మత్స్యకార సొసైటీ పేరుతోనో పెడితే, 60 శాతం వచ్చేవాళ్ళకు చేతినుంచి పడేది మూడు లక్షలు. కొనేవాడు పక్క డ్యాంలోనే ఉండాడు.

రెండో పని కొర్రమీను. అది పైకొచ్చి గాలి పీల్చే చేప. కరెంటు పోయిన గంటకే చచ్చేది కాదు. బతికుండంగానే అమ్ముతారు, ధర బొచ్చె, రోహు కంటే శానా ఎక్కువ. చిక్కేమంటే పిల్ల దొరకడం కష్టం, సైజు తేడా వస్తే ఒకదాన్నొకటి మింగుతాయి. వారానికోసారి ఏరి వేరు చేసే ఓపిక ఉండేవాళ్ళకే. ఏ చేపైనా సరే, తొట్టిలోంచి వచ్చే మురికినీళ్ళు కాలువలో వదలబాకండి. అందులో నత్రజని ఉండాది. చీనీ చెట్టుకు రోజుకు వంద లీటర్లు అనుకున్నా, ఆ పెద్ద షెడ్డు నీళ్ళల్లో సగం బయటికొచ్చినా 180 చెట్లకు పారతాయి. ఉప్పు ఎంత పేరుకుందో మాత్రం నీళ్ళు, మట్టి రెండూ పరీక్ష చేయించుకోవాల.

ఒకటి మాత్రం ఏ షెడ్డూ తీర్చదు. సాల్మన్ అయినా పండుగప్ప అయినా మాంసం తినే చేపలు. వాటి మేతలో సముద్రంలో పట్టిన చిన్న చేపల పొడి ఉంటాది. సముద్రాన్ని కాపాడతామని గట్టు మీద తొట్టి కట్టి, మేతకోసం మళ్ళా సముద్రంలోనే వల ఏస్తాండారు. షెడ్డు గోడలు పేన్లను ఆపుతాయి, పెంటను ఆపుతాయి. మేత సంచి మాత్రం గేటులోంచే వస్తాది.

మా చిన్నాయన కొడుకు ఇదంతా విని కాసేపు మాట్లాడలేదు. "అయితే వద్దంటావా అన్నా?" అన్నాడు. పెద్ద షెడ్డు వద్దనే అంటానని చెప్పినా. సోమవారం మత్స్యశాఖ ఆఫీసుకు పోతానన్నాడు. మూడు ప్రశ్నలు రాసిచ్చినా. గార్లదిన్నెలో షెడ్డు కడితే కరెంటు మీటరు ఏ కేటగిరీలో ఇస్తారు, కాగితం మీద రాసిస్తారా? పోయిన మూడేండ్లల్లో జిల్లాలో రాయితీ తీసుకున్న తొట్లల్లో ఈ రోజు నీళ్ళుండేవి ఎన్ని, పోయి చూడొచ్చా? ఈ ఏడు మిడ్ పెన్నార్‌లో వదిలే పిల్లలు యాడనుంచి వస్తాయి, ఎంతకు కొంటారు?

మూడోది చదివి వాడు తలకాయ ఎత్తి చూసినాడు. "డ్యాంలోకి పిల్లలు మనమే అమ్మొచ్చంటావా?" అన్నాడు. అడిగి రాపో, అన్నా.